గంప, గూడు, మందు సీసా: పెరటి కోళ్ల కాపలా కథ



మన ఊళ్లల్లో పెరటి కోళ్లు మళ్లీ పెరుగుతున్నాయి. నాటుకోడి ధర చూసి అయిదు కోళ్లున్న ఇల్లు ఇరవైకి, ఇరవై ఉన్న ఇల్లు యాభైకి పోతోంది. సంతోషం. అయితే అందరూ అడిగేది ఒకటే, "గూడు ఎంత పెద్దది కట్టాలి?" అని. దానికి లెక్క ఉంది, కింద చెబుతాను. కానీ అంతకంటే ముందు "ఈ మందకి ఇప్పుడు శత్రువు ఎవరు?" అని అడగండి. మంద పెరిగేకొద్దీ శత్రువు మారతాడు. కోడి మన ఇంటికొచ్చిన కథంతా చూస్తే ఇదే కనపడుతుంది.

చెట్టు కొమ్మ

మన కోడికి మూలం ఎర్ర అడవికోడి. మన తూర్పు కనుమల్లో గోదావరికి ఉత్తరంగా ఇప్పటికీ ఉంది. దక్షిణాదిన బూడిదరంగు అడవికోడి ఉంటుంది. కోడికి పసుపు చర్మం ఈ బూడిద కోడి నుంచి వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. ఇక కోడి మనిషి దగ్గరికి ఎట్లా చేరిందంటే, 2022లో వచ్చిన ఒక పరిశోధన థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన ఎముకల్ని చూపిస్తుంది. సుమారు 3,500 ఏళ్ల నాటివి. వరి, చిరుధాన్యాలు పండే చోట రాలిన గింజ కోసం అడవికోడి చెట్టు దిగి వచ్చిందని వాళ్ల మాట. అంటే మన కల్లం చూసే అది మనకి దగ్గరైందన్నమాట.

పగలు నేల మీద గింజ ఏరుకుంటుంది, పొద్దు గుంకగానే చెట్టెక్కుతుంది. ఎందుకంటే చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు. నక్క, జంగపిల్లి తిరిగేదేమో రాత్రిళ్లు. కొమ్మ మీద కూర్చోగానే కాలి నరం బిగిసి వేళ్లు కొమ్మని పట్టేస్తాయి, నిద్రలో కూడా జారదు. అందుకే ఎంత మంచి గూడు కట్టినా లోపల కూర్చోడానికి అడ్డకర్ర లేకపోతే కోడికి అది ఇల్లు కాదు. ఒక్కో కోడికి ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కర్ర వదలండి.

గంప

మేదరివాళ్లు వెదురు బద్దలతో అల్లిన గంప మన పెద్దల మొదటి కాపలా. తల్లిని, పది పన్నెండు పిల్లల్ని కింద పెట్టి మూసి పైన రాయి పెడితే గద్ద తన్నుకుపోలేదు, కాకి పొడవలేదు, పిల్లి మూతి దూర్చలేదు. పిల్లలకి రంగు పూసి వదిలేవాళ్లు కూడా ఉన్నారు, గద్ద బెదురుతుందని.

గంపలో ఇంకో గొప్ప గుణం ఉంది, మనం పెద్దగా పట్టించుకోలేదు. గంప ఒక చోట ఉండదు. ఇవాళ ఇక్కడ, రేపు అక్కడ. రెట్ట ఒకే చోట పేరుకోదు, పురుగు పట్టదు, నాలుగు వైపులా గాలి ఆడుతుంది. అయితే గంప అయిదారు కోళ్లకే. పందెం పుంజుకైతే దాని గంప దానికి, కాలికి తాడు, వేరే మేత. గుడ్లు పెట్టి ఇంటి ఆడవాళ్ల చేతిలో నాలుగు డబ్బులు ఆడించిన పెట్టలకి అంత వైభోగం ఎప్పుడూ లేదు.

గూడు

మంద పెరిగితే గంపలు చాలవు. అప్పుడు ఇంటి గోడకి ఆనించి మట్టి గూడు వచ్చింది. అరుగు కిందో గాదె కిందో గూడు, ముందు చెక్క పలక. రాత్రి శత్రువు ఆగిపోయాడు. కానీ గూడు కదలదు కదా! రెట్ట లోపలే పేరుకుంది. మట్టి గోడ నెర్రెల్లో గోమార్లు చేరాయి. ఇవి పగలు పగుళ్లలో దాక్కుని రాత్రి వచ్చి కోడి రక్తం తాగుతాయి. కోడి ఎండిపోతుంటే మేత తక్కువైందనుకుంటాం. మన అమ్మమ్మలు గూట్లో బూడిద చల్లింది, గోడ అలికి నెర్రెలు పూడ్చింది, పెరట్లో బూడిద గుంట ఉంచింది ఇందుకే.

తర్వాత ఇనప జాలి వచ్చింది. ఆరు మూలల కన్నుల కోడి జాలిని 1844లో ఇంగ్లండులోని నారిచ్ ఊళ్లో చార్లెస్ బర్నార్డ్ అనే ఆయన బట్ట నేసే యంత్రాన్ని చూసి తయారుచేశాడు. అది కోడిని బయటికి పోనివ్వదు. కానీ ఆ కన్నులోంచి పాము దూరుతుంది, పందికొక్కు పిల్ల దూరుతుంది. పలచటి తీగైతే కుక్క పళ్లతో చింపేస్తుంది. కాబట్టి కింద రెండు మూడు అడుగుల వరకు అర అంగుళం కన్నున్న గట్టి జాలి కొట్టించండి. దాన్ని ఒక అడుగు నేలలోకి దించండి, ముంగిస తవ్వకుండా.

లెక్క చెబుతానన్నాను. పగలు బయట తిరిగి రాత్రికి మాత్రం చేరే కోడికి ఒక చదరపు అడుగు చాలు. ఇరవై కోళ్లకి 5×4, యాభైకి 10×5 అడుగులు. రోజంతా లోపలే ఉంటే రెండింతలు కావాలి. గూడు పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ తక్కువ పడుతుంది. నేలకి రెండు అడుగుల ఎత్తులో కాళ్ల మీద కడితే రెట్ట ఊడ్చడం సులువు, వానకి తడి రాదు.

తలుపుకి ఆగని శత్రువు

1926లో ఇంగ్లండులో న్యూకాజిల్ దగ్గర ఒక కొత్త తెగులు బయటపడింది. మరుసటి ఏడాదికల్లా మన దేశంలో, కుమావ్ కొండల్లోని రాణిఖేత్‌లో కనపడింది. మనకి ఆ పేరే నిలిచిపోయింది. మనవాళ్లు కొక్కెర తెగులు అంటారు. మెడ తిరిగిపోయి, ఆకుపచ్చ రెట్ట వేసి, నాలుగు రోజుల్లో గూడు ఖాళీ. మన నాటు మందలకి గద్ద, పిల్లి, కుక్క అన్నీ కలిసి చేసిన నష్టం కంటే ఇది చేసిందే ఎక్కువ అని నా నమ్మకం.

ఇక్కడే గంప, గూడు రెండూ ఓడిపోయాయి. జబ్బు జాలి కన్నులోంచి రాదు. సంతలో కొన్న కోడితో వస్తుంది, చెప్పుల మట్టితో వస్తుంది, గంపతో వస్తుంది. ఊళ్లో ఒక ఇంట్లో కోడి తూలగానే మిగతా వాటిని సగం ధరకి సంతకి తోలడం మనకి అలవాటు. అట్లా ఒక ఊరి తెగులు పది ఊళ్లకి పోయింది.

మందు కూడా ఆ కొండల్లోనే పుట్టింది. 1940లలో రాణిఖేత్‌కి అవతల ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో టీకా తయారుచేశారు. ఇవాళ మనకి దొరికే పద్ధతి ఇది: పిల్లకి వారం రోజుల వయసులో లసోటా గానీ ఎఫ్ రకం గానీ కంట్లో లేదా ముక్కులో ఒక చుక్క, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌2బి సూది. లేత పిల్లలకి ఆర్‌2బి వేయకూడదు. జబ్బుతో ఉన్న కోడికి ఏ టీకా వేయకూడదు. మళ్లీ ఎప్పుడు వేయాలో మీ పశువైద్యుడిని అడగండి.

మరి మందు ఉండి కూడా కోళ్లు ఎందుకు పోతున్నాయి? సీసా వల్ల. ఒక్కో సీసా వంద కోళ్లకో, అంతకు మించో వస్తుంది. ఐసులో తేవాలి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. పన్నెండు కోళ్లున్న అక్క దాన్ని ఒక్కతే కొని ఏం చేసుకుంటుంది? పెద్ద ఫారాలకి ఈ బాధ లేదు. 1971లో బి.వి. రావు గారు వెంకటేశ్వర హేచరీస్ పెట్టిన దగ్గర్నుంచి పెరిగిన ఆ పరిశ్రమ నిలబడిందంటే, వేల కోళ్లకి ఒకేరోజు టీకా వేయగలగడం ఒక కారణం. మన రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ పెరటి కోసం వనరాజా, గ్రామప్రియ ఇచ్చింది. జాతి వచ్చింది గానీ ఊరంతా కలిసి టీకా వేసుకునే అలవాటు రాలేదు.

బర్డ్ ఫ్లూ సంగతి కూడా ఇంతే. మన దేశంలో మొదట 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో, 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు ఫారాల్లో తేలింది. అది తేలితే కిలోమీటరు లోపల పెరటి కోళ్లని కూడా చంపేస్తారు. జబ్బుకి మీ పెరడు, పక్క పెరడు అని తేడా లేదు.

అందుకని పదిహేను ఇళ్లవాళ్లు కలిసి నెలకి ఒక రోజు అనుకోండి. తెల్లవారుజామున, ఎండ రాకముందే, కోళ్లు గూట్లో ఉండగానే ఒక సీసాతో ఇల్లిల్లూ తిరగండి. కొత్తగా కొన్న కోడిని రెండు మూడు వారాలు వేరుగా మూయండి, దానికి పాత గంప చాలు. చచ్చిన కోడిని పారేయకుండా లోతుగా గుంట తీసి సున్నం వేసి పూడ్చండి. తూలే కోడిని సంతకి తోలకండి.

మా వీధిలో పేర్లు రాసుకోవడం మొదలైంది. మీ ఊళ్లో ఎన్ని ఇళ్లు, ఎన్ని కోళ్లు ఉన్నాయో ఈ వారం లెక్క రాసుకోండి. వందకి చేరితే ఒక సీసా సరిపోతుంది.