మాను ఎక్కే అర్హత

గోకులాష్టమి మర్నాడు తిరుమల మాడవీధుల్లో ఊరేగింపు ఎప్పటిలా సాగదు. మలయప్పస్వామి ఒక తిరుచ్చి (పల్లకి)పై, శ్రీకృష్ణస్వామి మరో తిరుచ్చిపై బయల్దేరి, ఉట్లు కట్టిన చోట్ల ఆగుతారు. ఉట్టి కొట్టడానికి కుర్రవాళ్లు పోటీపడుతుంటే స్వామివార్లు చూస్తారు. ఇది నిన్నమొన్నటి వేడుక కాదు. విజయనగర రాజుల కాలంనాటి తిరుమల శాసనాల్లో ఉరియడి పేరుతో దీని ప్రస్తావన ఉంది.

రాయలసీమ ఊళ్లలో ఈ ఆటే ఉట్లమాను ఎక్కే పందెంగా మారుతుంది. నున్నగా చెక్కిన పొడవాటి మాను నాటి, నూనో జిగట మట్టో పూస్తారు. కొసన కొబ్బరికాయో డబ్బు ముడుపో కడతారు. ఎక్కేవాళ్ల మీద నీళ్లు కుమ్మరిస్తూనే ఉంటారు. ముందు ఎక్కినవాళ్లు జారిపోతూ జిడ్డులో సగం తమ ఒంటితోనే తుడిచేస్తారు. ఆ తర్వాత వచ్చినవాడికి మాను మీద కాస్త పట్టు దొరుకుతుంది. ఒకడి భుజాల మీద ఇంకొకడు నిలబడి ఎక్కడమూ ఉంది. ముడుపు అందుకునేది ఒక్కడే అయినా, ఓడినవాళ్లందరి కష్టమూ ఆ గెలుపులో ఉంటుంది.

ఇక్కడ ముందస్తు వడపోత లేదు. ఎక్కగలనన్న ధైర్యమే అర్హత.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్పోర్ట్ క్లైంబింగ్ తొలిసారి చేరినప్పుడు లెక్క వేరు. పురుషుల్లో 20 మందికి, మహిళల్లో 20 మందికి మాత్రమే చోటు; ఒక దేశం నుంచి ఒక్కో విభాగంలో ఇద్దరికి మించి వీల్లేదు. అర్హత రౌండు దాటి ఫైనల్‌కు వెళ్లేది 8 మంది. వేగ పందెంలో తప్ప, ముందువాళ్లు ఎలా ఎక్కారో కంటపడకుండా ఫైనల్లో తర్వాతివాళ్లను విడిగా ఉంచుతారు. ఉట్లమాను దగ్గర మాత్రం ముందువాణ్ని చూసి నేర్చుకోవడమే ఆట.

చిత్తూరు ప్రాంతంలో ఇంకో మాను ఉంది. దాని అర్హత మరీ కఠినం. ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎక్కువగా ఎండాకాలంలో భారతం జరుపుతారు. చాలాచోట్ల అది 18 రోజులు సాగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. నడుమ వచ్చే అర్జున తపస్సుకు జనం విరగబడతారు. పాశుపతం కోసం అర్జునుడు ఇంద్రకీలాద్రి చేరిన ఘట్టం అది. అర్జున వేషధారి ఎత్తైన తపస్సు మాను మెట్టు మెట్టుకూ పద్యం పాడుతూ ఎక్కుతాడు. కొసకు చేరి పూజ చేసి నిమ్మకాయలు, పూలు, విభూతి కిందికి విసురుతాడు. సంతానం కోరే స్త్రీలు తడిబట్టలతో మాను చుట్టూ సాగిలపడి ఆ ప్రసాదం కోసం ఎదురుచూస్తారు.

ఈ మాను ఎక్కడానికి కాళ్ల బలం ఒక్కటే చాలదు. గొంతు ఉండాలి, పద్యాలు నోటికి రావాలి. ఎండలో, ఎత్తులో, ఊపిరి చెదరకుండా రాగం తీయాలి. ఒలింపిక్ గోడ ఎక్కే క్రీడాకారుణ్ని ఎవరూ పాడమని అడగరు! నటుడు, గాయకుడు, ఆరోహకుడు ఒకే మనిషిలో కుదరాలి గనక ఇది దక్షిణ రాయలసీమ కళల్లో అన్నిటికన్నా కష్టమైనదని చెప్పడానికి వెనుకాడనక్కర్లేదు.

ఈసారి మీ ఊళ్లో భారతం జరిగితే, ఆ అర్జునుడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో, ఏయే పద్యాలు పాడుతున్నాడో అడిగి రాసిపెట్టండి.