మా గురుజీ రాసిన వలస పుస్తకం

 వార్షికోత్సవ సంచికలో మా సోలాపూర్ పద్మశాలీల చరిత్ర రాయమని కమిటీవారు కోరినారు. నా చదువు ఎనిమిదో తరగతి. నాకు తెలిసిన చరిత్ర అంతా ఒక బడి పంతులు దగ్గర విన్నదే, అందుకని ఆయన గురించే రాస్తున్న. తన పేరు ఎక్కడా అచ్చు వేయొద్దని బతికున్నప్పుడే చెప్పినారు. పూర్వభాగంలో గురుజీ అంటే చాలు, మా తరంవాళ్లకు తెలుస్తుంది.

మా పెద్దలు ఇక్కడికి ఎట్లా వచ్చినారని అడిగితే అందరూ "కరువుల వచ్చినం" అని ఒక్క మాట అంటారు. గురుజీకి ఆ మాట చాలలేదు. ఆదివారం ఆదివారం ఇంటింటికీ పోయి ముసలివాళ్లను అడిగి ఒక పెద్ద లెక్కల పుస్తకంలో రాసుకున్నారు. ఇంటిపేరు, గోత్రం, విడిచిన ఊరు, వచ్చిన కారణం, వచ్చినప్పుడు చేతిలో ఏమున్నది. 1876–78 పెద్ద కరువు నాటికే కొందరు బండ్ల మీద, కొందరు కాలినడకన వచ్చినారు. 1877లో ఇక్కడ మొదటి నూలు మిల్లు పెట్టినారు, మనవాళ్లు జూనీ మిల్లు అంటారు. దాని వెనక ఇంకో మిల్లు, ఇంకో మిల్లు. మగ్గం పని తెలిసినవానికి మిల్లుల కూలి దొరుకుతది, ఇంట్ల గుంటమగ్గం కూడా నడుస్తది. అందుకని ఒక ఇంటివాళ్లు వచ్చి నిలబడి, బావమరదిని పిలుచుకున్నరు, బావమరది ఊరోళ్లను పిలుచుకున్నడు. నిజాం రాజ్యం సరిహద్దు దగ్గరే కాబట్టి 1947–48లో రజాకార్ల భయానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. "చేతిలో ఏమున్నది" అనే గడిలో ఒక ఇంటికి "నాడె, రెండు పన్నెలు, పెద్దమ్మ" అని రాసి ఉన్నది. ఆ పెద్దమ్మను కొడుకు భుజం మీద మోసుకొచ్చినాడట.

1930లో సోలాపూర్‌లో మార్షల్ లా పెట్టినారు. మల్లప్ప ధనశెట్టి, జగన్నాథ్ శిందే, కిసన్ సారడా, కుర్బాన్ హుసేన్ నలుగురినీ 1931 జనవరి 12న యెరవడ జైలులో ఉరి తీసినారు. గురుజీ ఆ తారీఖున పాఠం చెప్పేవారు కాదు. ఆ నలుగురి పేర్లు పలక మీద రాయించి, అక్షరదోషం లేకుండా రాసినవాన్నే ఇంటికి పంపేవారు.

ఆయన పనిచేసింది తెలుగు బడిలో. 1956లో భాషల ప్రకారం రాష్ట్రాలు ఏర్పడినాయి, సోలాపూర్ బొంబాయి రాష్ట్రంలో ఉండిపోయింది, 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. ఇంక తెలుగు బడి ఎందుకు అని మనవాళ్లలోనే కొందరు అన్నారు. రాజ్యాంగంలో 350ఏ అని ఒక కలం ఉన్నది, చిన్న భాషలవాళ్ల పిల్లలకు మొదటి చదువు తల్లిభాషలో చెప్పే ఏర్పాటు ఉండాలని దాంట్లో ఉన్నది. గురుజీ దాన్ని మరాఠీలో, తెలుగులో రాసి జేబులో పెట్టుకొని తిరిగేవారు. ఎవరైనా వాదానికి వస్తే కాగితం తీసేవారు. పుణెలో బాలభారతి 1967లో ఏర్పడింది. తెలుగు పుస్తకాలూ అక్కడి నుంచి వచ్చేవి, కానీ ఆలస్యంగా. అవి వచ్చేదాకా ఆయనే రాత్రిళ్లు పాఠాలు చేతిరాతతో నకలు తీసేవారు. మరాఠీ వద్దని ఆయన ఏనాడూ అనలేదు. మరాఠీ రాకుంటే ఈ ఊళ్ల అన్నం పుట్టదని గట్టిగా నేర్పేవారు.

1972 కరువు నాకు బాగా యాదికున్నది. నూలు లేదు, గిరాకీ లేదు, మగ్గాలు ఆగినాయి. రేషన్‌లో ఎర్ర మిలో జొన్నలు ఇచ్చేవారు. మా నాయిన ఖడీ కొట్టే పనికి పోయి నడుము పట్టి మంచాన పడ్డడు. నేను బడి మానేసిన. గురుజీ రెండుసార్లు మా ఇంటికి వచ్చినారు. మూడోసారి బడికి రమ్మనలేదు, కిర్దు రాయడం నేర్పుతా రమ్మన్నారు. జమ, ఖర్చు, స్టాకు, అన్నీ మరాఠీలో నేర్పినారు. దాని మీదనే నాకు చేనేత సొసైటీలో రాతకోత పని దొరికింది.

ఇప్పుడు రాసేది ఇంతకుముందు ఎక్కడా రాయలేదు.

అప్పట్లో సొసైటీలకు హ్యాంకు నూలు తక్కువ ధరకు వచ్చేది. అది చేమగ్గం మెంబర్లకే చెందాలి. మా దగ్గర కొందరు పెద్దలు అందులో సగం బయట సాంచాలవాళ్లకు అమ్ముకునేవారు. రెండు కట్టలు ఇచ్చిన మెంబరు పేరున నాలుగు రాయాలి, నిశాని వేయించాలి. రాసింది నేను. నెలకు కొంత నాకూ ముట్టేది. వాళ్లెవరో రాయను, వాళ్ల పిల్లలు మా మధ్యనే ఉన్నారు.

1981 చలికాలం అనుకుంటా, గురుజీ సొసైటీ హాల్లోనే రాత్రిబడి పెట్టినారు. మావాళ్లకు మరాఠీ మాట వచ్చు, అక్షరం రాదు. ముందు తెలుగులో పేరు రాయించి, తర్వాత మరాఠీ అంకెలు నేర్పినారు. నాలుగు నెలలకు ఒక ముసలి మెంబరు నిశాని వేసేముందు రిజిస్టరు తన దిక్కు తిప్పుకొని, "నాకు ఇచ్చింది రెండు గద, గిక్కడ నాలుగున్నదేంది?" అన్నడు. నా చేతులు చల్లబడ్డాయి.

మరునాడు పొద్దున్నే గురుజీ మా ఇంటికి వచ్చి మగ్గం గుంట అంచున కూర్చున్నారు. మా అమ్మ చాయ్ ఇచ్చింది. తాగి, అమ్మ లోపలికి పోయినాక అన్నారు: "ఆ అంకెలు నీయే కదరా. ఏడుకు తోక అట్లా లాగొద్దని ఎన్నిసార్లు కొట్టిన నిన్ను." నేను ఏడ్చిన. "ఎల్లుండి మీటింగుల నువ్వే చెప్పు. నేను పక్కన కూసుంట" అన్నారు.

చెప్పిన. ఆయన పక్కనే కూర్చున్నారు. విచారణ అయింది, కొంత డబ్బు తిరిగి వచ్చింది, చాలా రాలేదు. నన్ను పనిలోంచి తీసేసినారు, న్యాయమే. రెండేండ్లు కండెలు చుట్టి, పడుగులు తోడి బతికిన. మళ్లీ తీసుకున్నప్పుడు జామీను కాగితం మీద సంతకం గురుజీదే. ఇంట్లో అమ్మగారు వద్దన్నారట, ఆయన వినలేదు.

అన్ని విషయాల్లో ఆయన మాట సరి అని నేననను. సాంచాలంటే ఆయనకు ఒళ్లుమంట. 1985లో చేమగ్గాలకు 22 రకాల బట్ట ప్రత్యేకించి చట్టం తెచ్చినప్పుడు బడిపిల్లలకు పేడాలు పంచినారు. తర్వాత ఆ 22 కాస్తా 11 అయినాయి. సోలాపూర్ చద్దర్ పేరు దేశమంతా మోగిందంటే సాంచాల వల్లనే కదా, మన పిల్లలు తిన్నది ఆ కార్ఖానాల కూలే కదా అని నేను వాదించేవాణ్ణి. ఆయన రెండు దినాలు మాట్లాడేవారు కాదు. మూడో దినం పేపరు పట్టుకొని ఆయనే వచ్చేవారు.

రిటైరైనాక పొద్దున తొమ్మిదికి అరుగు మీద కూర్చుంటే బీడీలు చేసే ఆడవాళ్లు వరుస కట్టేవారు. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. పిల్లలకు స్కాలర్‌షిప్ ఉన్నదని సగంమందికి తెలియదు. గుర్తింపు కార్డు, బడి సర్టిఫికేట్ చూసి ఫారాలు ఆయనే నింపేవారు. పైస తీసుకునేవారు కాదు. ఎవరైనా బలవంతంగా ఇస్తే, ఆ డబ్బుతో వాళ్ల బిడ్డకే నోటుబుక్కు కొనిచ్చేవారు. శ్రావణ పౌర్ణమికి మార్కండేయ రథం ముందు నడిచేటప్పుడు దారంతా ఆ పిల్లలు కాళ్లు మొక్కుతుంటే రథం కంటే ఆయనే వెనకబడేవారు.

పోయేముందు ఆ వలస పుస్తకం నాకు ఇచ్చినారు. మా ఇంటిపేరు ఎదురుగా విడిచిన ఊరు గడిలో ప్రశ్నగుర్తు ఉన్నది. మా తాత చెప్పకుండానే పోయినాడు. కిందటేడు సిరిసిల్ల దిక్కు ఒక పెండ్లికి పోతే మా గోత్రం, మా ఇంటిపేరు ఉన్న ముసలాయన కలిసి ఊరు చెప్పినాడు. వచ్చి పెన్నుతో రాసిన, ప్రశ్నగుర్తు మాత్రం కొట్టేయలేదు.

మా ఇంట్లో మనుమలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. అందుకని పుస్తకం నేను చదువుతుంటే మనుమరాలు మరాఠీలో కంప్యూటర్‌లో కొడుతున్నది. సగమే అయింది. చివరి పేజీలు చెదలు తిన్నాయి. భివండీలో, ముంబయిలో, పుణెలో ఉన్న కులబాంధవులు తమ ముసలివాళ్లను అడిగి ఊరు, సంవత్సరం, వెంట తెచ్చుకున్న సామాను రాసి పంపండి. ఏ భాషలో రాసినా పరవాలేదు.