సాగునీటి ప్రాజెక్టు మేనేజర్: దేవరకొండ ప్రాంత పక్షాల నడుమ

సాగునీటి నిర్మాణంలో పనికీ, ఖర్చుకూ, గడువుకూ జవాబుదారీగా ఉండే ఇంజనీరే ప్రాజెక్టు మేనేజర్. తెలుగు రాష్ట్రాల నీటిపారుదల శాఖలో ఈ బాధ్యత ఒక్కరి మీదే ఉండదు. ప్రభుత్వం వైపు ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, సూపరింటెండింగ్ ఇంజనీరు, చీఫ్ ఇంజనీరు దాన్ని అంచెలంచెలుగా మోస్తారు. కాంట్రాక్టు సంస్థకు క్యాంపులో వేరే ప్రాజెక్టు మేనేజర్ ఉంటాడు. నల్లగొండ జిల్లా దేవరకొండ చుట్టూ నాలుగు దశాబ్దాలుగా సాగుతున్న శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ), నక్కలగండి, డిండి ఎత్తిపోతల పనుల్లో ఈ పాత్ర బలాలు, పరిమితులు రెండూ కనిపిస్తాయి.

భావన

ప్రాజెక్టుతో లాభనష్టాలున్న వర్గాలన్నింటినీ, అంటే పక్షాలను, లెక్కలోకి తీసుకోవాలన్న ఆలోచన 1963 నాటి స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ పత్రంలో ఉందని సాధారణంగా చెబుతారు. దాన్ని సిద్ధాంతంగా నిలబెట్టింది 1984లో వచ్చిన ఎడ్వర్డ్ ఫ్రీమన్ పుస్తకం. అమెరికాలోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 2013లో తన మార్గదర్శి అయిదో కూర్పులో దీనికి ప్రత్యేక అధ్యాయం కేటాయించింది. పక్షాలను అధికారం, ఆసక్తి ప్రకారం నాలుగు గళ్లలో సర్దే పట్టిక మెండెలో పేరున ప్రచారంలో ఉంది. దాని తేదీని కొందరు 1981గా, ఎక్కువ మంది 1991గా ఇస్తారు.

దేవరకొండ ప్రాంతంలోని పక్షాలు

ఎస్‌ఎల్‌బీసీ ఆరంభానికి ఎక్కువ కథనాలు 1983ను చూపుతాయి; ప్రతిపాదన అంతకన్నా పాతది. శ్రీశైలం జలాశయం నుంచి 30 టీఎంసీలను నల్లమల కింది సొరంగం గుండా, మోటార్లతో పని లేకుండా నల్లగొండ మెట్టకు పారించడం దీని ఉద్దేశం. సొరంగం ఆలస్యమవుతుండగా నాగార్జునసాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి వద్ద నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయంలో పోసే ఏర్పాటు చేశారు. 2000 మార్చి 7న మందుపాతర పేలుడులో మరణించిన మంత్రి ఎలిమినేటి మాధవరెడ్డి పేరును ప్రాజెక్టుకు పెట్టారు.

అక్కంపల్లి నీటికి ఒక వైపు నల్లగొండ ఆయకట్టు రైతు, మరో వైపు హైదరాబాద్ నగరం హక్కుదారులు. కోదండాపూర్‌లో శుద్ధి చేసిన కృష్ణా నీటిని మూడు దశల్లో, ఒక్కో దశకు 5.5 టీఎంసీల చొప్పున నగరానికి కేటాయించారు. ఎండాకాలంలో సాగర్ మట్టం పడిపోయినప్పుడు తాగునీటికే మొదటి ప్రాధాన్యం. కాలువ చివరి రైతు ఎదుట ఆ మాట చెప్పాల్సింది మాత్రం స్థానిక ఇంజనీరే. ఈ రెండు పక్షాల మధ్య నీటిని పంచే అధికారం అతనికి లేదు. అది ప్రభుత్వం దగ్గర, 2014 పునర్విభజన చట్టంతో ఏర్పడిన కృష్ణా నది యాజమాన్య బోర్డు దగ్గర ఉంది.

భూసేకరణలోనూ ఇదే పరిస్థితి. చందంపేట వైపు నక్కలగండి జలాశయం (7.64 టీఎంసీలు) ముంపులో తండాలున్నాయి. ఎస్టీలకు రిజర్వు చేసిన ఈ నియోజకవర్గంలో లంబాడా రైతుల చేతిలో పట్టా భూమితో పాటు పోడు భూమీ ఉంటుంది. ఒక్క సర్వే నంబరు ప్రాజెక్టుకు దక్కాలంటే ఎంత తతంగం ఉంటుందో చూడవచ్చు. హద్దులు రెవెన్యూ సర్వేయరు కొలుస్తాడు. ఇంటి విలువ రోడ్లు, భవనాల శాఖ కడుతుంది. మామిడి, బత్తాయి చెట్లను ఉద్యానశాఖ లెక్కిస్తుంది, బోరుబావిని గ్రామీణ నీటి సరఫరా ఇంజనీర్లు చూస్తారు. అవార్డు ప్రకటించేది ఆర్‌డీఓ, డబ్బు విడుదల చేసేది ఆర్థికశాఖ. వీళ్లలో ఎవరూ ప్రాజెక్టు ఇంజనీరు కింద పనిచేయరు. అయినా పరిహారం అందక నిర్వాసితులు పొక్లెయిన్‌కు అడ్డం కూర్చుంటే కబురు వచ్చేది అతనికే.

డిండి ఎత్తిపోతలకు 2015 జూన్‌లో శివన్నగూడెంలో శంకుస్థాపన జరిగింది. అదే ఏడాది భూమిని నేరుగా కొనేందుకు ప్రభుత్వం జీవో 123 తెచ్చింది. 2013 భూసేకరణ చట్టం ఇచ్చిన రక్షణలు ఇందులో లేవంటూ బాధితులు, కూలీలు హైకోర్టుకెళ్లారు. 2016లో సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. పర్యావరణ అనుమతుల విషయంలో చెన్నై హరిత ట్రైబ్యునల్ 2022 డిసెంబరులో భారీ జరిమానా విధించగా, సుప్రీంకోర్టు తర్వాత దాన్ని నిలుపుదల చేసింది. మెండెలో పట్టికలో తక్కువ అధికారపు గడిలో పడే కూలీ కూడా కోర్టు గడప ఎక్కి పని గతిని మార్చగలడని ఈ వివాదాలు చూపాయి.

సొరంగం

మొదటి సొరంగం పొడవు కొన్ని పత్రాల్లో 43.5 కిలోమీటర్లు, మరికొన్నింట 43.93. పైన అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నందున మధ్యలో బావులు గానీ అడ్డదారులు గానీ తవ్వే వీలు లేదు. 2005లో జయప్రకాశ్ అసోసియేట్స్‌కు పని అప్పగించారు. రెండు కొసల నుంచీ సొరంగం తొలిచే యంత్రాలు దించారు. 2009 అక్టోబరు కృష్ణా వరద శ్రీశైలం వైపు కొస అయిన దోమలపెంట దగ్గరి పనిని ముంచింది.

జాప్యానికి కారణం నిధుల కొరత అని కొందరు, కాంట్రాక్టు సంస్థ ఇబ్బందులని కొందరు, ఊట నీరు, పగుళ్ల రాయి అని ఇంకొందరు అంటారు. మూడింటికీ ఆధారాలున్నాయి. అయితే రెండు కొసలే దారిగా ఉన్న చోట ఒక యంత్రం ఆగితే ఆ వైపు పనంతా ఆగుతుందన్న వివరణ మిగతావాటి కన్నా బలంగా కనిపిస్తుంది. ఆ షరతుకు మూలం అడవి. దాన్ని సడలించే అధికారం ఏ ప్రాజెక్టు మేనేజర్‌కూ లేదు.

2025 ఫిబ్రవరి 22 ఉదయం, పని తిరిగి మొదలైన కొద్ది రోజులకే, దోమలపెంట వైపు దాదాపు 14 కిలోమీటర్ల లోపల పైకప్పు కూలింది. నీరు, బురద ఒక్కసారిగా విరుచుకుపడ్డాయి. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి బృందాలు, ర్యాట్ హోల్ మైనర్లు, కేరళ జాగిలాలు, భూగర్భ శాస్త్రవేత్తలు వారాల తరబడి గాలించినా మార్చి ఆఖరు నాటికి రెండు మృతదేహాలే దొరికాయి. తర్వాత ప్రభుత్వం మిగిలిన సుమారు తొమ్మిదిన్నర కిలోమీటర్లకు డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతి వైపు మొగ్గి, ఎన్‌జీఆర్‌ఐతో హెలికాప్టర్ సర్వే చేయించింది.

అంచనా

ఈ ప్రాంతపు చర్చల్లో పక్షాలంటే రైతు, నిర్వాసితుడు, నగరం, అటవీశాఖ, కాంట్రాక్టరు, రెండు రాష్ట్రాలు. సొరంగంలో దిగే కార్మికుడి పేరు అందులో అరుదుగా వస్తుంది. చిక్కుకున్న ఎనిమిది మందీ జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూ కశ్మీర్‌ల నుంచి వచ్చినవారు; ఇక్కడ వాళ్లకు ఓటు లేదు, ఆయకట్టులో గుంట భూమి లేదు. నీటి పంపకమూ, పరిహారమూ, అటవీ అనుమతీ ప్రాజెక్టు మేనేజర్ చేతిలో లేకపోవచ్చు. లోపల ఊట పెరిగినప్పుడు పని ఆపి మనుషులను బయటికి పంపే అధికారం మాత్రం అతనికి రాతపూర్వకంగా ఉండి తీరాలి. మిగిలిన సొరంగానికి కొత్తగా రాసే ప్రతి ఒప్పందంలో మొదటి పక్షంగా చేరవలసింది ఆ కార్మికుడే.