కోకాపేట ఎకరం: కాగితంలో ఎవరి పేరు?

2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది, గుర్తుందా? మరి ఐటీ రాకముందు ఇక్కడి ఊళ్లలో భూమి ఎవరిది?

నిజాం కాలంలో చాలా ఊళ్లు జాగీర్లు. దున్నేది ఒకరు, శిస్తు తినేది ఇంకొకరు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం కౌలురైతుని ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టకుండా 'రక్షిత కౌలుదారు' హక్కు ఇచ్చింది. 1954-55 ఖాస్రా పహాణీలో పట్టాదారు పేరు వేరు, సాగు చేసేవాళ్ల పేరు వేరుగా రాశారు.

కోడింగ్ చేసినవాణ్ని కదా, నాకు తెలుసు: టేబుల్‌లో కాలమ్ తీసేస్తే ఆ మనిషి ఇంక కనిపించడు. 2020లో ధరణి వచ్చినప్పుడు అనుభవదారు కాలమ్ పోయింది. కౌలుకి దున్నినవాళ్ల సాక్ష్యం పాత పహాణీల్లోనే మిగిలింది.

మీ తాత కౌలుకి దున్నారా? ఆ పహాణీ నకలు తీయించి పెట్టుకోండి. ఉంటా మరి, బై!