తుంటి నొప్పికి పెట్టిన పేరు

విద్యార్థులారా, ఒకసారి ఒంటికాలి మీద నిలబడి చూడండి. పైకెత్తిన కాలి వైపు మీ కటి కిందికి జారిపోదు. నేల మీద ఉన్న కాలి వైపు పిరుదులోని గ్లూటియస్ మీడియస్ అనే కండరం దాన్ని పట్టి ఉంచుతుంది. తుంటి పక్కన చేతికి గట్టిగా తగిలే ఎముక బుడిపె ఉంది కదా, ఈ కండరపు టెండాన్, అంటే స్నాయుబంధకం, అతుక్కునేది అక్కడే. ఈ కండరం పట్టు తప్పితే మనిషి ఊగుతూ నడుస్తాడని జర్మన్ శస్త్రవైద్యుడు ఫ్రెడ్రిక్ ట్రెండెలెన్‌బర్గ్ 1895లోనే వివరించారు.

అయినా 20వ శతాబ్దంలో చాలాకాలం తుంటి పక్క నొప్పికి వైద్యులు రాసిన పేరు బర్సైటిస్. ఎముకకూ టెండాన్‌కూ మధ్య రాపిడి తగ్గించే చిన్న ద్రవపు సంచి వాచిందని దాని అర్థం. వచ్చే రోగుల్లో ఎక్కువమంది నలభై దాటిన స్త్రీలు. ఆ పక్కకు తిరిగి పడుకోలేరు, మెట్లెక్కలేరు. విశ్రాంతి, ఒక ఇంజెక్షన్, అంతటితో సరి.

1997లో బ్రిటన్‌లో బంకర్, ఆయన సహచరులు తొడ ఎముక మెడ విరిగిన 50 మందిని పరీక్షించగా 11 మందిలో టెండాన్ చిరిగి కనిపించింది. భుజంలో రొటేటర్ కఫ్ చిరిగినట్టే ఇదీ అన్నారు. 2001లో ఆస్ట్రేలియాలో ఈ నొప్పి ఉన్న 24 మందికి ఎమ్మారై తీస్తే దాదాపు సగం మందికి చిరుగు ఉంది. సంచి వాపు ఇద్దరికే! 2013లో అమెరికాలో 877 మంది అల్ట్రాసౌండ్ చిత్రాలు చూస్తే, 700 మందిలో సంచి వాపే లేదు.

స్త్రీలకే ఎందుకు ఎక్కువ? 50 నుంచి 79 ఏళ్ల వారిపై 2007లో వెలువడిన అమెరికా అధ్యయనంలో ఒకవైపు నొప్పి స్త్రీలలో 15 శాతం, పురుషులలో 6.6 శాతం. కటి ఆకారం వల్ల తొడ పక్కనున్న పట్టీ టెండాన్‌ను ఎక్కువగా నొక్కుతుందని ఒక వివరణ. ముట్లుడిగాక ఈస్ట్రోజెన్ తగ్గడం మరొకటి. రెండూ ఇంకా పూర్తిగా తేలలేదు.

శస్త్రచికిత్సలో చిరిగిన కొనను తిరిగి ఎముకకు కుట్టి బిగిస్తారు. కొన్ని వారాలు ఊతకర్రలు, ఆపై నెలల తరబడి వ్యాయామం. స్త్రీ పురుషులిద్దరికీ నొప్పి తగ్గుతుంది. కోలుకోవడాన్ని ఎక్కువగా నిర్ణయించేది ఆపరేషన్ నాటికి కండరం ఉన్న స్థితి. చిరుగు ఏళ్ల తరబడి అలాగే ఉంటే కండరంలోకి కొవ్వు చేరుతుంది. టెండాన్‌ను ఎంత చక్కగా కుట్టినా ఆ కండరానికి పాత బలం రావడం కష్టం.