మంద్రస్వరమునకు బలము
తీగవాద్యములు – ధ్వనివర్ధకములు – పాలకొల్లు మాండలిన్

కోనసీమలోని మలికిపురమునుండి దిండి మీదుగా వశిష్ఠ గోదావరి వంతెన దాటినచో చించినాడ వచ్చును. అక్కడికి కొద్ది దూరమున పాలకొల్లు కలదు. ఇటు కోనసీమ జిల్లా, అటు పశ్చిమ గోదావరి జిల్లా. నడుమ నది యున్నను రెండు ఒడ్డుల కొబ్బరితోటలు, వరిచేలు, మాటతీరు ఒక్కటే. ఈ పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28వ తేదీన జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్, మాండలిన్ అను చిన్న పాశ్చాత్య వాద్యమును కర్ణాటక సంగీత వేదికపై నిలబెట్టినాడు. ఉన్న వాద్యమును ఉన్నట్లే వాయించి అతడీ పని చేయలేదు. తీగలను తగ్గించి, మరల ఒకటి చేర్చి, విద్యుత్తును ఆశ్రయించి, వాద్యమునే మార్చినాడు. ఆ మార్పు ఎందుకు అవసరమైనదో తెలియవలెనన్న తీగ యొక్క స్వభావమును, ధ్వనివర్ధకము యొక్క చరిత్రను కొంత తెలిసికొనవలెను.

తీగ ధర్మములు

బిగించిన తీగను మీటినచో అది ఒక సెకనులో ఎన్నిసార్లు కంపించునో ఆ సంఖ్యను పౌనఃపున్యము అందురు. ఇది మూడు విషయములపై ఆధారపడును. తీగ పొడవు తగ్గినకొలది స్వరము హెచ్చును. బిగువు నాలుగు రెట్లయినచో పౌనఃపున్యము రెండు రెట్లగును, అనగా స్వరము ఒక స్థాయి పైకి పోవును. పొడవు, బిగువు మారకుండ తీగ బరువు నాలుగు రెట్లయినచో స్వరము ఒక స్థాయి దిగును. ఉన్నత పాఠశాలలోని సోనోమీటరుపై ఈ మూడింటిని సులభముగా పరీక్షింపవచ్చును.

అయితే తీగ సన్ననిది. అది కంపించునప్పుడు గాలిని కదలించు శక్తి దానికి చాల తక్కువ. అందుచేతనే వాద్యములకు చెక్కపెట్టె లేక కుండ అమర్చుదురు. తీగ కంపనము గుఱ్ఱము ద్వారా పలకకు చేరి, ఆ పలక ఎక్కువ గాలిని కదలించును. వీణకు పనసచెక్క వాడుట ఇందులకే.

ఇటలీలో పెరిగిన మాండలిన్ తీగల పొడవు సుమారు 35 సెంటీమీటర్లు మాత్రమే. పెట్టెయు చిన్నది. మీటిన నాదము క్షణములో అణగిపోవును. ఈ లోపమును కప్పుటకు ఐరోపా వారు రెండు ఉపాయములు చేసిరి. ఒక్కొక్క స్వరమునకు ఒక తీగకు బదులు జంటతీగలు కట్టిరి. ఆ విధముగా నాలుగు జంటలు, ఎనిమిది తీగలు ఏర్పడినవి. నాదము నిలుచుటకు బదులు అదే స్వరమును అతివేగముగా మరల మరల మీటు పద్ధతిని అలవరచుకొనిరి.

పాశ్చాత్య సంగీతమునకు ఇది చాలినది. కర్ణాటక సంగీతమునకు మాత్రము చాలదు. మన స్వరము ఒకచోట నిలిచియుండునది కాదు. అది ఊగును, జారును, పక్క స్వరమును తాకి వచ్చును. గమకమనగా ఇదే. వీణపై ఒకే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరములను పలికింతురు. లాగినప్పుడు బిగువు పెరుగును. అర స్వరము హెచ్చుటకు బిగువు సుమారు 12 శాతము, పూర్ణ స్వరము హెచ్చుటకు సుమారు 26 శాతము పెరుగవలెను. జంటతీగలను ఒకే వ్రేలితో లాగినచో రెండింటి బిగువు సరిసమానముగా పెరుగుట కష్టము. కొద్ది తేడా వచ్చినను రెండు పౌనఃపున్యములు ఒకదానితో నొకటి పోరాడి విస్పందనములు పుట్టును. శ్రుతి చెదరినట్లు చెవికి తెలియును. పైగా మీటిన నాదము గమకము ముగియువరకు నిలువదు. అనగా మాండలిన్‌కు బలమిచ్చిన జంటతీగలే గమకమునకు అడ్డు. వానిని తీసివేసినచో ఉన్న కొద్ది ధ్వనియు పోవును. ఈ చిక్కును విప్పినది విద్యుత్తు.

విద్యుత్తు వాద్యములో ప్రవేశించుట

అయస్కాంత క్షేత్రము మారినప్పుడు దగ్గరనున్న తీగచుట్టలో విద్యుత్తు పుట్టునని 1831లో మైకేల్ ఫారడే కనుగొనెను. 1906లో లీ డి ఫారెస్టు మూడు ధ్రువముల వాల్వును నిర్మించెను. అత్యల్ప విద్యుత్ సంకేతమును పెద్దది చేయుటకు ఇది దారి తీసెను. 1925లో అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనువారు కదలెడి చుట్టగల లౌడుస్పీకరు స్వరూపమును స్థిరపరచిరి. సినిమా, రేడియోల కొరకు పెరిగిన ఈ సాధనములు త్వరలోనే వాద్యకారుల చేతికి వచ్చినవి.

1930ల ఆరంభమున జార్జి బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు గిటారు తీగల క్రింద అయస్కాంతమును, చుట్టను అమర్చిరి. దీనికే పికప్ అని పేరు. ఉక్కుతీగ అయస్కాంతముపై కంపించినప్పుడు క్షేత్రము అదే లయలో మారును, చుట్టలో అదే పౌనఃపున్యముగల స్వల్ప విద్యుత్తు పుట్టును. దానిని ధ్వనివర్ధకము, అనగా ఆంప్లిఫయరు, పెద్దది చేసి లౌడుస్పీకరుకు పంపును. ఇందులో గమనింపదగినది ఒకటి కలదు. మైకు గాలిలోని శబ్దమును గ్రహించును. పికప్ ఉక్కుతీగ కదలికను గ్రహించును. కావున ధ్వనిని పెంచుటకు చెక్కపెట్టె అవసరము తీరినది. బోలుపెట్టెలేని ఘనమైన చెక్కపై గూడ తీగలు కట్టవచ్చును. అట్టి చెక్క పలుచని పలకవలె తీగశక్తిని వెంటనే గాలిలోనికి వదలదు గనుక నాదము ఎక్కువసేపు నిలుచును.

మంద్రస్వరపు సమస్య

అన్నిటికంటె కష్టమైన పని మంద్రస్వరమును బిగ్గరగా వినిపించుట. పాశ్చాత్య వాద్యబృందములలో ఈ పనికి మనిషికంటె ఎత్తైన డబుల్‌బేస్ ఉండెడిది. దానిని మోసికొనిపోవుటయే ఒక శ్రమ. 1930లలో సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ దీనికి బదులు గిటారువలె పట్టుకొని వాయించు చిన్న విద్యుత్ వాద్యమును చేసెను గాని అది వ్యాపింపలేదు. 1951లో కాలిఫోర్నియాకు చెందిన లియో ఫెండర్ విడుదల చేసిన బేస్ గిటారు లోకమున నిలిచినది. దాని తీగల పొడవు 34 అంగుళములు, అనగా సుమారు 86 సెంటీమీటర్లు. లావు తీగ సెకనుకు 41 సార్లు మాత్రమే కంపించును. ఆ శబ్దతరంగపు పొడవు సుమారు 8 మీటర్లు.

ఇట్టి స్వరమును పలికించుట లౌడుస్పీకరుకు పరీక్ష. ఒకే బలముగల ధ్వని కావలెనన్నచో, పౌనఃపున్యము సగమైనప్పుడు స్పీకరు శంకువు నాలుగు రెట్లు ముందుకు వెనుకకు కదలవలెను. ఆపై మానవుని చెవికి మంద్రస్వరముల యెడ గ్రహణశక్తి తక్కువ. చిన్న స్పీకరుకు ఈ పని అప్పగించినచో శంకువు చిరుగును, లేదా స్వరము పగిలినట్లు వినబడును. అందుచేత బేస్ ఆంప్లిఫయరుకు వాట్లు హెచ్చు, స్పీకరు వెడల్పు హెచ్చు, పెట్టె గట్టిది కావలెను.

ఫెండర్ 1952లో 15 అంగుళముల స్పీకరుతో బేస్‌మన్ అను ఆంప్లిఫయరును తెచ్చెను. 1950ల మధ్యకు దానిలో 10 అంగుళముల స్పీకర్లు నాలుగు అమర్చెను. వైశాల్యములను లెక్కించినచో ఈ నాలుగు కలిసి ఒక్క 15 అంగుళముల దానికంటె సుమారు 1.8 రెట్లు ఎక్కువ గాలిని తాకును. ఒక్కొక్కదానిపై భారము తగ్గును.

ఈ బేస్‌మన్ చరిత్రలో ఒక చిత్రము జరిగినది. మంద్రస్వరముల కొరకు చేసిన దానిని మామూలు గిటారువాదకులు ఎక్కువగా ఇష్టపడిరి. ఇంగ్లండులో అమెరికా ఆంప్లిఫయర్ల ధర హెచ్చు. 1962లో లండనులో వాద్యముల దుకాణము నడుపుచున్న జిమ్ మార్షల్, తన వద్ద పనిచేయువారితో కలిసి బేస్‌మన్ వలయమును ఆధారముగా గొని, అక్కడ దొరకు వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరులతో కొత్త ఆంప్లిఫయరును చేయించెను. విడిభాగములు మారుటచే ధ్వనియు మారినది. అదియే తరువాత పెద్ద కంపెనీకి పునాది యయ్యెను. దాదాపు ఆ కాలముననే బేస్ వాదకుడు బిల్ వైమన్ తాను కొన్న చవక వాద్యమునుండి మెట్లను ఊడదీసి, అట్లే వాయించెను. మెట్లు లేనప్పుడు స్వరము నుండి స్వరమునకు జారుట సాధ్యమగును.

మనదేశమున వాద్యముల మార్పు

వాద్యమును అవసరమునకు తగినట్లు మార్చుట మనవారికి కొత్త కాదు. తంజావూరును ఏలిన తెలుగు ప్రభువు రఘునాథ నాయకుని కాలమున, 17వ శతాబ్దిలో, 24 స్థిరమైన మెట్లుగల వీణ రూపము ఏర్పడినదని సంగీత చరిత్రకారులు చెప్పుదురు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) ఐరోపా వయొలిన్‌ను కర్ణాటక సంగీతమునకు తెచ్చినవారిలో మొదటివాడు. ఆ వయొలిన్ ఆకారము మారలేదు. కాని శ్రుతి మారినది. తీగలను స–ప–స–ప క్రమమున బిగించిరి. పట్టుకొను తీరును మారినది. వాదకుడు నేలపై కూర్చుండి, వాద్యపు తలను పాదముపై ఆనించుటచే ఎడమచేయి స్వేచ్ఛగా జారుటకు వీలైనది. నేడు వయొలిన్ లేని కచ్చేరి అరుదు.

పాలకొల్లు మాండలిన్

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ సంగీతజ్ఞుడు. ఆరేండ్ల ప్రాయముననే బాలుడు మాండలిన్ చేతబట్టినాడు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడైన రుద్రరాజు సుబ్బరాజు అతనికి గురువయ్యెను. సుబ్బరాజుకు మాండలిన్ వాయించుట రాదు. ఆయన పాడెడివాడు, బాలుడు విన్నదానిని తీగపై పలికించెడివాడు. ఈ బోధనకు ఒక విశేష ఫలితము కలిగినది. మాండలిన్‌పై ఏది సులభమో అది నేర్పు గురువు ఉన్నచో శిష్యుడు వాద్యపు హద్దులకు లోబడియుండును. గొంతుతో పాడు గురువునకు ఆ హద్దులు తెలియవు. గొంతులోని ప్రతి గమకమును తీగపై వెదకవలసిన భారము శిష్యునిపై పడినది. వాద్యము చాలనప్పుడు వాద్యమే మారవలసివచ్చినది.

మార్పులు మూడు. మొదటిది, జంటతీగలను తొలగించి ఒంటితీగలు కట్టుట. దీనితో లాగుటకు, జారుటకు అడ్డు తొలగినది. రెండవది, విద్యుత్ మాండలిన్‌ను గ్రహించుట. ఒంటితీగలచే తగ్గిన బలమును పికప్, ఆంప్లిఫయరు పూరించినవి; వ్రేలి అతిసూక్ష్మ కదలికయు సభ చివరకు వినబడినది. ఒంటితీగల విద్యుత్ మాండలిన్ అమెరికాలో 1956 నుండియే ఫెండర్ కంపెనీ అమ్మినది గాని, దానిపై రాగాలాపనము చేయవచ్చునని అక్కడివారు తలచియుండరు. మూడవది, నాలుగు తీగలకు తోడు మంద్రస్వరముల కొరకు అయిదవ తీగను చేర్చుట. రాగాలాపనము మూడు స్థాయిలలో సంచరించునది. మంద్రము లేనిచో రాగస్వరూపము సగమే. కాని 35 సెంటీమీటర్ల తీగపై మంద్రమును సాధించుట తేలిక కాదు. అదే పొడవున, అదే బిగువున స్వరమును పంచమమంత దింపవలెనన్న తీగ బరువు 2.25 రెట్లు, ఒక స్థాయి దింపవలెనన్న 4 రెట్లు కావలెను. ఉత్త ఉక్కుతీగను అంత లావు చేసినచో అది కడ్డీవలె బిరుసెక్కి అపస్వరములు పలుకును. అందుచేతనే సన్నని ఉక్కుతీగపై మరొక లోహపుతీగను చుట్టి బరువు పెంచుదురు. బేస్ గిటారు తీగలును ఇట్టివే.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవములలో, తొమ్మిదేండ్ల వయసున, శ్రీనివాస్ మొదటి కచ్చేరి చేసెను. 1981లో మద్రాసు డిసెంబరు సంగీతోత్సవములలో వాయించెను. విద్యుత్ తీగతో వేదికపైకి వచ్చు విదేశీ వాద్యము శాస్త్రీయ సంగీతమునకు తగునా అను శంక కొందరు రసికులకు కలిగినది. ఆ శంక అకారణము కాదు. ఆంప్లిఫయరు మంచిని పెంచినట్లే దోషమును కూడ పెంచును. హెచ్చు ధ్వనితో శ్రోతను లొంగదీయుట సంగీతము కాజాలదు. ఆ శంకకు సమాధానము వాదకుని వ్రేళ్ళు చెప్పవలసినవే. ధ్వనివర్ధకము గమకమును సృష్టింపదు. ఉన్న గమకమును వినిపించును. శ్రీనివాస్ ఆలాపన విన్నవారు వాద్యము పుట్టిన దేశమును మరచిరి. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవములోను, తరువాత జాన్ మెక్‌లాలిన్, జాకీర్ హుస్సేన్‌లతో కూడిన బృందములోను అతడు వాయించెను. ఈ మెక్‌లాలిన్ 1970లలో వీణను చూచి, తన గిటారు మెట్ల నడుమ చెక్కను పల్లముగా తొలిపించుకొన్నవాడు. తీగను లోతుగా లాగి గమకము పలికించుటకే ఆ మార్పు. గోదావరి ఒడ్డున పాశ్చాత్య వాద్యము వీణకు దగ్గరగుచుండగా, పశ్చిమమున గిటారు గూడ అదే దారిన నడచినది. 1998లో శ్రీనివాస్‌కు పద్మశ్రీ లభించెను. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో 45వ యేటనే ఆయన మరణించెను. సోదరుడు యు. రాజేష్ ఆ వాద్యమును కొనసాగించినాడు.

పాఠశాలలో చేయదగిన పరీక్ష

రెండడుగుల చెక్కపై రెండు గుఱ్ఱములను నిలిపి ఒక ఉక్కు గిటారుతీగను బిగింపవలెను. చిన్న దండాయస్కాంతమునకు ఎనామెలు పూసిన సన్నని రాగితీగను రెండు మూడు వేల చుట్లు చుట్టి, అయస్కాంతపు కొన తీగకు తాకకుండ దాని క్రింద ఉంచవలెను. చుట్ట రెండు కొసలను బ్యాటరీతో నడచు చిన్న ఆంప్లిఫయరు మైకు రంధ్రమునకు కలిపి తీగను మీటినచో స్వరము వినబడును. ఉక్కుతీగ స్థానమున నైలాను తీగ కట్టినచో ఏమియు వినబడదు. కారణమును విద్యార్థులే చెప్పగలరు. చుట్టను గుఱ్ఱము దగ్గరకు జరిపినచో స్వరము పలుచగను, తీగ మధ్యకు జరిపినచో నిండుగను ఉండును. తీగ మధ్యభాగమున మూలస్వరపు కదలిక హెచ్చు. గుఱ్ఱము చెంత అది తగ్గి, పై అనుస్వరములు ప్రస్ఫుటమగుట దీనికి కారణము. తీగను పక్కకు లాగి గమకమును, రెండు తీగలు కట్టి లాగి విస్పందనములను పరీక్షింపవచ్చును.

ఒక హెచ్చరిక అవసరము. ఇంటి విద్యుత్తుతో నడచు ఆంప్లిఫయరు పెట్టెను విద్యార్థులు విప్పరాదు. ముఖ్యముగా పాత వాల్వుసెట్లలోని కండెన్సరులు, ప్లగ్గు తీసిన తరువాత కూడ, వందల వోల్టుల విద్యుత్తును నిలిపియుంచి ప్రాణాపాయము కలిగింపగలవు. బ్యాటరీసెట్టు ఈ పరీక్షకు చాలును. ఉపాధ్యాయుడు మొదట ఒక స్వరమును గొంతుతో పాడి, దానినే తీగపై పలికింపుమని కోరినచో, ఎక్కడ తీగ చాలలేదో, ఏ మార్పు కావలెనో విద్యార్థికి తానుగా తెలియును.