సూరతు కోఠీలలో తేదీల లెక్క

తాపీనదీతీరమందలి సూరతు పట్టణము మొగలు సామ్రాజ్యమునకు సముద్రద్వారమై వెలుగొందిన కాలమున, అచట ఒక్క దినమునకే పెక్కు తేదీలుండెడివి. శివాజీ 1664 జనవరిలో ఆ పట్టణముపై దాడి వెడలినపుడు, మన పంచాంగమున శోభకృతు నామ సంవత్సరము నడచుచుండగా, గుజరాతీ వర్తకుల ఖాతాలలో విక్రమ సంవత్ 1720, మొగలు దఫ్తరములలో హిజ్రీ 1074, డచ్చివారి కోఠీలో గ్రెగోరియన్ తేదీ, ఆంగ్లేయుల కోఠీలో దానికి 10 దినములు వెనుకబడిన జూలియన్ తేదీ చెల్లుబాటగుచుండెను. మార్చి 25న గాని నూతన సంవత్సరమారంభింపని ఆంగ్లేయులకు అది యింకను 1663.

పారసీల వివాదము మరింత లోతైనది. ఇరానునుండి వచ్చిన జమాస్ప్ దస్తూరు తమ పంచాంగమునకును ఇచటి దానికిని ఒక మాసము అంతరమున్నదని చూపగా, ప్రార్థనలలో మాసదినముల నామములనుచ్చరించు ఆ సమాజము కలతచెంది, 1745లో సూరతునందే కొందరు ఇరానీ గణనమును స్వీకరించి కదిమీలైరి. తక్కినవారు షహన్‌షాహీలుగ నిలిచిరి.

ఇట్టి గణనభేదముల నెరుగని, నేటి పైథాన్ అను కంప్యూటరు భాషలోని డేట్‌టైమ్ లైబ్రరీ గ్రెగోరియన్ గణనమునే గతకాలమంతటికి విస్తరింపజేయును. కావున 1700 ఫిబ్రవరి 29ని దోషమని త్రోసివేయును. జూలియన్ లెక్కనాచరించిన సూరతు ఆంగ్లేయులకు అది, సంవత్సరమును 1699 అని వ్రాసికొన్నను, నిజముగ గడచిన దినము. 1752 సెప్టెంబరు 2 తరువాత 14 రాగా, బ్రిటిషువారి లెక్కలో లేకపోయిన నడిమి 11 దినములను మాత్రము ఆ లైబ్రరీ సమ్మతించును. పాత దఫ్తరములను కంప్యూటరున కెక్కించువారు ప్రతి తేదీ ప్రక్కను అది యే గణనమునకు చెందినదో తప్పక వ్రాయవలెను.